వంటగట్టుకు తెల్లరాయి

గత సంచికలో మన సభ్యురాలొకరు, స్వదేశంలో ఇల్లు కట్టుకునేవారికి సలహాలు చెబుతూ, వంటగట్టుకు గ్రానైటు పాతబడిపోయిందనీ, ఇప్పుడు నలుగురూ క్వార్ట్జే వేయిస్తున్నారనీ, ఇంకా ఆ నల్లబండల్ని పట్టుకుని వేలాడేవారికి కాలం తెలియదనీ రాశారు. ఆవిడ మా కుటుంబానికి ఆప్తురాలు. ఆవిడ చేతి గోంగూర తిని ఆవిడ మీదే కలం ఎత్తడం మర్యాద కాదు. కాని ఆ వ్యాసం చదివి మా మిత్రుల్లో ఇద్దరు అప్పుడే ఊళ్లో మేస్త్రీలకు ఫోన్లు చేశారు. అందుచేత మర్యాదను కొంచెం పక్కన పెడుతున్నాం. మేము అంటే ఒక వైద్యుడు, అతని ఇంటిల్లిపాదీ. ఈ విషయంలో మా ఇంట్లో ఇప్పుడు భిన్నాభిప్రాయం లేదు. ఆరు నెలల కిందట వుండేది.

మేముండే అల్ రువైస్ ఖతర్ దేశానికి ఉత్తరపు కొస. దోహా నుంచి అల్ షమాల్ రోడ్డు మీద నూరు కిలోమీటర్లకు పైగా వస్తే రోడ్డు అయిపోయి సముద్రం కనిపిస్తుంది. చేపల పడవలు, రేవు, ఒక పాత మసీదు. తెలుగు కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాస్ లఫాన్ గ్యాసు కర్మాగారాల్లో పనిచేసే మన ఇంజనీర్లు సెలవు రోజున అల్ ఖోర్ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని ఇటు వస్తే ఆ సాయంత్రం మాకు పండుగే. అలాంటి సాయంత్రాల్లో రాజకీయాలు అరగంట, పిల్లల చదువులు అరగంట, మిగిలిందంతా ఇళ్ల గురించే. ఇక్కడి ఇళ్లు కాదు. ఇక్కడ మనది అద్దె కొంప. ఇంటాయన ఏ గట్టు వేస్తే ఆ గట్టు మీదే పచ్చిమిరపకాయలు తరుగుతాం. మన మనసంతా ఒంగోలులోనో, కరీంనగరులోనో, కాకినాడలోనో లేస్తున్న ఇంటి మీద వుంటుంది. అక్కడి నుంచి బావమరిది ఫొటోలు పంపిస్తాడు. మనం సముద్రం ఒడ్డున కూర్చుని వాటిని రెండు వేళ్లతో సాగదీసి చూసుకుంటాం. ఈ యేడాది ఆ ఫొటోలన్నిటిలోనూ ఒకటే తెల్లరాయి.

మన వంటిళ్ల చరిత్ర రాళ్ల చరిత్రే. మా నాయనమ్మ నేల మీద కూర్చుని వండింది. ఆవిడకు రోలు, సన్నికల్లు, తిరగలి వుంటే చాలు. తరువాత నిలబడి వండే గట్టు వచ్చింది. దాని మీదికి కడప నల్లరాయి వచ్చింది. అది సున్నపురాయి జాతి. నిమ్మకాయ పిండినా, చింతపండు పులుసు ఒలికినా తెల్లమచ్చ పడి అక్కడే వుండిపోయేది. ఆ మచ్చల్ని చూసి మా ఇంట్లో ఎవరైనా బెంగ పెట్టుకున్నట్టు మాకు జ్ఞాపకం లేదు. నేలకు తాండూరు బండలు, బేతంచెర్ల బండలు. ఆ పైన మొజాయిక్, పాలరాయి, గ్రానైటు. వచ్చిన ప్రతి రాయీ అంతకు ముందున్న రాయిని బీదవాళ్ల రాయిగా చేసింది. ఇప్పుడు గ్రానైటు వంతు వచ్చింది, అంతే. దీనికి అభిరుచి, ఆధునికత అని పెద్ద పేర్లు పెట్టనక్కరలేదు. పొరుగింటాయన వేయించాడు కాబట్టి మనమూ వేయించాలనే జబ్బుకు మా శాస్త్రంలో మందు లేదు.

అసలు క్వార్ట్జ్ పేరుతో అంగట్లో అమ్మేది ఏమిటి? కొండలోంచి కోసి తెచ్చిన రాయి కాదది. స్ఫటికపు రాతిని నలుసులుగా, పొడిగా కొట్టి, నూటికి తొంభై పాళ్లు ఆ పొడీ, తక్కినది పాలిస్టర్ జిగురూ రంగూ కలిపి, గాలి తీసేసిన అచ్చులో అదిరిస్తూ అదిమి, వేడి చేసి గట్టిపరిచిన పలక. ఆ పద్ధతి ఇటలీలోని బ్రెటన్ అనే యంత్రాల కంపెనీది. ఇజ్రాయెల్‌లో 1987లోనూ, స్పెయిన్‌లో 1990లోనూ మొదలైన కంపెనీలు ఈ పలకల్ని లోకమంతా అమ్మాయి. ఇవాళ మన విశాఖపట్నం దగ్గర అచ్యుతాపురంలోనే ఇటలీ యంత్రాలతో తయారుచేసి అమెరికాకు ఎగుమతి చేస్తున్నారు. డల్లాసులో మన చుట్టాలు గర్వంగా చూపించే తెల్లగట్టు అచ్యుతాపురం నుంచి ఓడెక్కి పోయినదే కావచ్చు.

దాని సుగుణాలు మాకు తెలుసు. నీళ్లూ నూనే అంత సులభంగా పీల్చుకోదు. ఏడాదికోసారి పైపూత పూయనక్కరలేదు. నమూనా ముక్క ఎలా వుందో గట్టంతా అలాగే వుంటుంది. గ్రానైటులో ఆ హామీ లేదు, ఒక పలకలో వున్న గీత రెండో పలకలో వుండదు. లేతరంగు గ్రానైటు మీద నూనె మరక దిగుతుందన్న మాటా నిజమే. ఇవన్నీ ఒప్పుకుంటాం. కాని ఈ పలకను కనిపెట్టినవాళ్లు మన తాలింపును ఎరగరు. లోపల వున్నది జిగురు. నూటయాభై డిగ్రీల వేడి దాటితే అది మాడుతుంది, పసుపురంగుకు తిరుగుతుంది, కొన్నిసార్లు చిట్లుతుంది. పోపు మాడకముందే పొయ్యి మీద నుంచి దింపిన మూకుడు అంతకంటె వేడిగా వుంటుంది. అది దింపడానికి మన ఆడవాళ్లు చెక్కముక్క వెతుక్కుంటారా? వంటకు మగవాళ్లు దిగితే మరీ ఘోరం. గ్రానైటు మీద కుక్కరైనా మూకుడైనా దింపి మరచిపోవచ్చు. అది పుట్టిందే భూమి లోపలి నిప్పులో. ఇక మన చీమకుర్తి నల్ల గెలాక్సీ, ఆ బంగారు చుక్కల రాయి, శాస్త్ర ప్రకారం గ్రానైటే కాదు. గాబ్రో జాతిది. స్ఫటిక సిలికా అందులో బహు స్వల్పం. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు పని వుంది.

గ్రానైటులోంచి రేడాన్ వాయువు వస్తుందట గదా డాక్టరుగారూ అని ఒకాయన అడిగారు. వస్తుంది, అతి కొద్దిగా. ఇళ్లలో చేరే రేడాన్‌లో ఎక్కువ భాగం నేలలోంచి వచ్చేదే. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి ఈ ప్రశ్న అడిగితే మాకు జవాబు చెప్పాలనిపించదు.

ఇక అసలు సంగతి. మచ్చా, మెరుపూ, వేడీ ఇవన్నీ గట్టు బిగించిన తరువాతి విషయాలు. బిగించడానికి ముందు ఆ పలకను ఒకరు కోయాలి. గత సంచిక వ్యాసంలో ఆ మనిషి లేడు. మా ఇంట్లో చర్చల్లోనూ లేడు.

ఆరు నెలల కిందట కరీంనగర్ వైపు మనిషి ఒకడు దగ్గుతో మా దగ్గరకు వచ్చాడు. పేరూ, ఊరూ, పనిచేసిన చోటూ చెప్పం. వయసు మాకంటె రెండేళ్లు తక్కువ. రాతి పలకలు కోసే షాపులో ఏడేళ్లుగా పని. కొత్తగా కట్టే విల్లాలకు గట్లు బిగించడానికి ఇటు ఉత్తరానికి వస్తుంటాడు. పెద్ద కోతలు షాపులో అయిపోతాయి గాని, సింకు గుంట, పొయ్యి గుంట, మూలలు ఇంటి దగ్గరే సరిచేయాలి. ఇంట్లో నీళ్లు పోసి కోస్తే బురదవుతుంది, కొత్త గోడలు పాడవుతాయి, ఇంటివాళ్లకు కోపం వస్తుంది. అందుచేత తలుపులు వేసుకుని, చేతి గ్రైండరుతో, పొడిగానే కోయడం. మూతికి తువ్వాలు. "దుమ్మే గద సారూ, తానం జేస్తె పోతదనుకున్న" అన్నాడు. ఒక అంతస్తు మెట్లెక్కడానికి మధ్యలో ఆగుతున్నాడు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లోనూ ఆవాలు చల్లినట్టు మచ్చలు. మన దేశంలో చదువుకున్న డాక్టరు ఆ ఫిల్ము చూస్తే ముందు క్షయ అంటాడు. మేమూ అదే అనుకున్నాం. కళ్లెలో క్షయ క్రిములు లేవు. స్కాను తీయించాక సందేహం మిగలలేదు. సిలికోసిస్.

ఏ రాయి కోస్తావని అడిగాం. పేరు తెలియదన్నాడు. తెల్లగా వుంటదనీ, కోస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తదనీ చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఒంగోలు నుంచి బావమరిది మా గట్టుకు ఎంచిన పలక ఫొటో పంపించి వున్నాడు. తీసి చూపించాం.

"గిదే సారూ. మంచి రాయి. మస్తు ఖరీదు."

కాగితాల మీద ఈ రోగం పేరు రాయవద్దని బతిమాలుకున్నాడు. రాస్తే పంపించేస్తారనీ, ఊళ్లో అప్పు ఇంకా తీరలేదనీ అన్నాడు. రాయకపోతే తిరిగి ఆ దుమ్ములోకి తోసినవాళ్లమవుతాం. రాస్తే నోటి దగ్గర కూడు తీసినవాళ్లమవుతాం. రాశాం. ఇంటికి వెళ్లిపోయాడు. అక్కడ మళ్లీ ఎవరో ఎక్స్‌రే చూసి క్షయ అని మాత్రలు మొదలుపెట్టారట. సిలికోసిస్ వున్నవాళ్లకు క్షయ తేలికగా అంటుకునే మాట నిజమే గాని, పరీక్షలు చేశాకే మాత్రలు మింగమని ఫోనులో నచ్చజెప్పాం. "క్షయ అంటె మందన్న వున్న రోగం గద సారూ" అన్నాడు.

ఇది ఒక్క మనిషి కథే అయితే మన పత్రికలో ఇంత చోటు అడిగేవాళ్లం కాదు. ఇజ్రాయెల్ వైద్యులు 2012లో ప్రకటించిన వ్యాసంలో, ఇటువంటి పలకలు పొడిగా కోసి ఊపిరితిత్తుల మార్పిడి పరీక్షలకు వచ్చిన 25 మంది కథ వుంది. కాలిఫోర్నియాలో 2023లో లెక్క తేల్చిన 52 మందిలో ఒక్కరు తప్ప అందరూ లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవాళ్లు. సగం మంది నలభై అయిదేళ్లు దాటనివాళ్లు. అప్పటికే పదిమంది చనిపోయారు. ఆస్ట్రేలియాలో 2018కి ముందు నుంచి ఈ పనిలో వున్నవాళ్లను పరీక్షిస్తే నలుగురిలో ఇంచుమించు ఒకరికి రోగం వుంది. ఆ దేశం 2024 జులై 1 నుంచి ఈ పలకల తయారీ, సరఫరా, కోత అన్నీ నిషేధించింది. లోకంలో అలా చేసిన మొదటి దేశం అదే.

కారణం కంటికి కనిపించేది కాదు. గ్రానైటులో స్ఫటిక సిలికా నూటికి ఇరవై నుంచి నలభై అయిదు పాళ్లు. పాలరాతిలో అయిదుకు లోపు. ఈ కృత్రిమపు పలకలో తొంభైకి పైన. పైగా ముందే పొడి చేసిన స్ఫటికం. గ్రైండరు తగిలిందంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా వుండని నలుసులు లేస్తాయి. గదిలో దుమ్ము అణిగినట్టు కనిపించాక కూడా అవి గాలిలో తేలుతూనే వుంటాయి. ఊపిరితిత్తుల లోతున కాపలా కణాలు వాటిని మింగి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. చచ్చిపోతూ వదిలిన నలుసుల్ని మళ్లీ వేరే కణాలు మింగుతాయి. ఆ యుద్ధం జరిగిన చోటల్లా మచ్చ గట్టిపడుతుంది. పని మానేసినా అది ఆగదు. వెనక్కు తిప్పే మందు లేదు. పాతరోజుల్లో రాళ్లు కొట్టేవాళ్లకు ఇరవై ముప్పై ఏళ్లకు వచ్చేది ఈ పలకల దగ్గర అయిదారేళ్లకే వస్తున్నది.

ఇది పరదేశపు రోగమని అనుకోవద్దు. కోలారు బంగారు గనుల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ తరాల తరబడి స్ఫటికపు రాతినే తొలిచారు. 1940-46 మధ్య అక్కడ 7653 మందిని పరీక్షిస్తే 3402 మందికి సిలికోసిస్ కనిపించింది. 2001లో గనులు మూసేశారు. దుమ్ము అక్కడితో ఆగలేదు, గనిలో నుంచి మన వంటింట్లోకి వచ్చింది. మన దేశంలో 2025 దాకా అమల్లో వున్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఈ రోగం కనిపిస్తే డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాల్సి వుండేది. కాని పదిమంది లేని షాపు ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ కిందికే వచ్చేది కాదు. మన ఇంటికి పలకలు కోసే షాపులో సాధారణంగా వుండేది నలుగురు.

ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పదింటి నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని నియమం వుంది. మంచి నియమం. ఎండ అందరికీ తగులుతుంది కాబట్టి అందరికీ అర్థమైంది. మనమూ కారు ఏసీలో కూర్చుని, ఈ ఎండలో పాపం వాళ్లు ఎలా పనిచేస్తారో అనుకుంటాం. తలుపులు మూసిన వంటింట్లో దుమ్ములో నిలబడ్డవాడిని మనం చూడం. మనం వెళ్లేసరికి గట్టు తుడిచి వుంటుంది.

ఇక మా మిత్రుల వాదాలు. గ్రానైటులో మాత్రం సిలికా లేదా అన్నారు. వుంది. అందుకే గ్రానైటును కూడా పొడిగా కోయించకూడదంటున్నాం. గ్రానైటు క్వారీలు కూడా పుణ్యక్షేత్రాలేమీ కావు. 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర క్వారీలో బండ విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఆరుగురు చనిపోయారు. కాని కత్తికి పదును వుందని చెప్పి తుపాకీని కొనడం తర్కం కాదు. ఇరవై పాళ్లకూ తొంభై పాళ్లకూ తేడా లేదనే ఇంజనీరును మేము ఇంతవరకు చూడలేదు, మన సంఘంలో తప్ప.

నీళ్లు పోసి, మంచి ముసుగు వేసుకుని కోస్తే క్వార్ట్జూ ప్రమాదం కాదు గదా అని రెండో వాదం. ఆస్ట్రేలియావాళ్లు అదే నమ్మి కొన్నేళ్లు నియమాలు పెట్టి చూశారు. తనిఖీ అధికారులూ, జరిమానాలూ వున్న దేశంలో సాగక, చివరకు నిషేధానికి వచ్చారు. మన ఊళ్లో సాగుతుందా? ముసుగు వేసుకో బాబూ అని మన మేస్త్రీతో అని చూడండి, ఏమంటాడో.

మూడోది గట్టి వాదం. మీరు కొనకపోతే ఆ కూలీ ఏం తింటాడు అన్నారు. అయ్యా, గ్రానైటు కోసేదీ ఆ కూలీయే. అదే షాపు, అదే మిషను. పని పోదు, దుమ్ము తగ్గుతుంది. చీమకుర్తి రాయి అయితే ఇంకా తగ్గుతుంది. నిషేధం వచ్చాక ఆస్ట్రేలియాలో అవే కంపెనీలు సిలికా ఒక శాతం కూడా లేని పలకలు బజారులో పెట్టాయి. అంటే చేయడం చేతనవును. కొనేవాడు అడగలేదు కాబట్టి అంతవరకు చేయలేదు. మనమే ఆ కొనేవాళ్లం. రంగు గురించి అడిగాం, మందం గురించి అడిగాం, వారంటీ ఎన్నేళ్లని అడిగాం.

ఆ రాత్రే బావమరిదికి ఫోను చేశాం. క్వార్ట్జ్ వద్దు, చీమకుర్తి రాయి వేయించమన్నాం. ఒంగోలు నుంచి చీమకుర్తి ఎంత దూరం? ఇంటి ముందు నుంచి లారీల్లో పోయే రాయిని వదిలి, ఎక్కడి జిగురు పలకకో బయానా ఇచ్చాం. ఆ బయానా తిరిగి రాలేదు. రానందుకు షాపువాడిని తప్పు పట్టం, ఆర్డరు మాది. మా అత్తగారు ఇప్పటికీ ఆ నల్లరాతి మీద ధూళి కనిపిస్తుందని సణుగుతున్నారు. కనిపిస్తే తుడుస్తామని చెప్పాం.

కోత విషయంలోనే చిక్కు వచ్చింది. గుంటలన్నీ కొలతలు ముందే తీసి షాపులోనే నీటి ధార కింద కోయాలనీ, ఇంటి దగ్గర పొడిగా గ్రైండరు పెట్టకూడదనీ చెబితే మేస్త్రీ నవ్వాడట. ఇరవై ఏళ్లుగా ఎవరూ ఇలా అడగలేదన్నాడు. అడుగుకు అదనంగా ఇస్తామంటే ఒప్పుకున్నాడు. మొత్తం మీద ఆ అదనం మేము అల్ రువైస్ నుంచి దోహా వెళ్లి ఒక పూట హోటల్లో తినే ఖర్చుకు మించలేదు. పలకలు బిగించారు. నిన్న వచ్చిన ఫొటోలో సింకు వున్న చోట ఇంకా చెక్క అడ్డం పెట్టి వుంది. గుంట కొలత అరంగుళం తప్పిందట. ఆ పలక మళ్లీ షాపుకు వెళ్లింది.